మాస్టారు అప్పజెప్పిన మాటలు

పక్షవాతంతో పడిపోయి, ఆపైన మతిమరుపు కూడా కమ్ముకున్న లెక్కల మాస్టారికి కొత్త మందు మొదలుపెట్టి ఇరవై రోజులైంది. ఎనిమిదేళ్లు ఎలుకలతో కుస్తీ పట్టి ఆ మందు కనిపెట్టిన డాక్టరమ్మ, రాత్రి వార్డు సద్దుమణిగాక ఆయన మంచం పక్కన కూర్చుంది. పొద్దున ఆమె చదివి వినిపించిన పది మాటల్లో ఎన్ని గుర్తున్నాయో చూడాలి. పోయిన వారం రెండే చెప్పారు. ఈసారి అయిదుకు తగ్గవని ఆమెకు గట్టి నమ్మకం.

"ఏదీ, అప్పజెప్పండి మాస్టారూ!"

"తాళం, నిచ్చెన, ఉప్పు, గొడుగు..." అంటూ ఆయన గడగడా పదీ చెప్పేశారు.

ఆమె కాగితం చూసుకుంది. వాటిలో ఒక్కటీ అందులో లేదు. ఊహించి చెబుతున్నారేమో అనుకుంది గానీ, ఆ గొంతులో తడబాటు లేదు. ఎందుకో మనసొప్పక, మర్నాటి పరీక్షకని ఆఫీసువాళ్లు అంటించి పంపిన కవరు చింపింది.

తాళం, నిచ్చెన, ఉప్పు, గొడుగు. వరస కూడా తప్పలేదు.

ఆమె కవరు తిప్పి చూసింది; తను చింపినచోట తప్ప అంటింపు చెక్కుచెదరలేదు.

"ఇవి మీకెవరు చదివారు మాస్టారూ?"

"ఎవరో కొత్తమ్మాయిలే. చదువుతున్నంతసేపూ ఒకటే ఏడుపు, పాపం."

రెండేళ్లుగా కదలని కుడిచేతిని ఆయన అవలీలగా ఎత్తి, ఆమె చేతిమీద వేశారు.

"నువ్వెందుకు రాలేదని ఎన్నిసార్లడిగినా, ఆ పిల్ల చెప్పదేమ్మా!"