డ్రైవర్ సీటు

"నేనే నడిపానండీ," అని ఇన్సూరెన్సు సర్వేయరుతో అబద్ధం చెప్పాను. కొత్త కారును గోడకు గుద్దింది తనేనని మా అమ్మాయి ముందే ఇంట్లో ఏడుస్తూ ఒప్పుకుంది. దానికింకా లైసెన్సు లేదు. ఆ సంగతి తెలిస్తే ఇన్సూరెన్సు రాదు.

రిపేరు షెడ్డుకు అమ్మాయీ, వాళ్లమ్మా కూడా వచ్చారు. అక్కడ సర్వేయరు నుజ్జయిన బానెట్ వైపు చూడనేలేదు. "గుద్దాక సీటెవరూ జరపలేదుగా?"

"ఎవరూ ముట్టుకోలేదండీ." ఇదొక్కటే నిజం.

"అయితే ఓసారి కూర్చోండి సార్."

కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కుపోయాయి. పొట్ట ఆనుకుని హారన్ మోగడం మొదలెట్టింది.

"ఇలాగే నడిపారా?"

మా అమ్మాయి నాకన్నా పొడుగు. అదీ ఈ సీట్లో పట్టదు.

తల తిప్పి చూశాను. కారంటేనే భయమనే మా ఆవిడ, నా భుజం దాకా కూడా రాని మనిషి, మెల్లిగా అమ్మాయి వెనక్కి జరుగుతోంది.