పిడికెడు గారి జ్ఞానస్నానం

“చెంచా కాదు నాన్నా, గరిటె! రేపు ఫాదర్‌గారు చెంచాతో పోస్తారా?”

కూతురు దిండును చంటిపిల్లలా పొదివి పట్టుకుని ప్లాస్టిక్ బేసిన్ ముందు నిలబడింది. దిండుకి తెల్ల టోపీ కూడా తొడిగింది. తెల్లారితే ఆదివారం, ఆరు నెలల పసిదానికి గుడిలో జ్ఞానస్నానం. అందుకని పొద్దుటి నుంచి ఇంట్లో రిహార్సలు. అల్లుడు వెలిగించని కొవ్వొత్తి పట్టుకున్నాడు. ఫాదర్ వేషం ఆమె నాన్నకి, అంటే పిల్ల తాతయ్యకి పడింది. అసలు పిల్ల ఉయ్యాల్లో బొటనవేలు చీకుతూ ఈ తతంగమంతా చూస్తోంది. పుట్టినప్పుడు దోసిట్లో సగానికి కూడా రాలేదని తండ్రి దానికి పెట్టిన ముద్దుపేరు ‘పిడికెడు.’

“మామయ్యా, భయపడకండి. దిండు ఏడవదు” అన్నాడు అల్లుడు.

“మీరు ముందు మీ సంగతి చూసుకోండి. ‘సైతానును విడిచిపెడుతున్నారా?’ అని నాన్న ఫాదర్‌గారిలా అడిగితే పొద్దున నీళ్ళు నమిలారు” అని మొగుణ్ణి దెప్పింది కూతురు.

“నీ మొహం చూస్తూ విడిచిపెడుతున్నానని ఎలా అనను? ఇంట్లో అన్నం పుట్టొద్దూ?”

ఆమె పకపకా నవ్వింది. ఈ వారమంతా ఇదే నవ్వు. తెల్లగౌనుకి లేసు మూడుసార్లు కుట్టింది, మూడుసార్లు విప్పింది. వీధిలో కనిపించినవాళ్ళందరినీ పిలిచేసింది.

తాతయ్య గరిటె అందుకున్నాడు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్క కోసిన చెయ్యి అది. గరిటెడు నీళ్ళని దిండు దాకా తేలేక బేసిన్‌లోకే వంపేసింది.

“మీరు కానివ్వండి. గుడి తలుపు బందు వదులయిందట, చూసొస్తాను” అని సంచి భుజాన వేసుకుని బయటపడ్డాడు.

తలుపుకి ఏమీ కాలేదు. అయిందల్లా ఆరు నెలల కిందట ఆసుపత్రిలో.

పిల్ల ఏడో నెలలోనే పుట్టింది. మూడోరోజు డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. ఎవరో బంధువు, “జ్ఞానస్నానం ఇక్కడే ఇచ్చేస్తే మంచిదేమో” అని నసిగితే, మంచం మీద నుంచి కూతురు ఆడపులిలా లేచింది.

“నా బిడ్డ బతకదని ఒప్పుకున్నవాళ్ళే ఇక్కడ నీళ్ళు పోస్తారు. నా బిడ్డ నా ఒళ్ళో గుడికొస్తుంది, అందరి ముందూ పోయించుకుంటుంది. ఈలోగా ఒక్క చుక్క దాని నెత్తిన పడిందా, ఆ పోసినవాళ్ళ మొహం జన్మలో చూడను!”

ఆ రోజు రాత్రి పదింటికి, పిల్లని ఉంచిన అద్దాలపెట్టె దగ్గర కాపలా ఉండే తన వంతు వచ్చినప్పుడు, తాతయ్య జేబులో చెంచా ఉంది. నర్సు చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగిపోయింది. ఆమెకి ఇప్పటికీ రోజూ ఒక దణ్ణం పెట్టుకుంటాడు. మూడుసార్లు పోశాడు. పిల్ల చిన్నగా చిరాకుపడింది. అంతే.

అది బతికింది. బొద్దుగా తయారయింది. తను మాత్రం దాని చావుని ముందే ఒప్పుకున్నవాడిగా మిగిలిపోయాడు. కిందటి వారం ఫాదర్ ఇంటికొచ్చి, “ఆసుపత్రిలో ఎవరైనా నీళ్ళు పోశారా?” అని అడిగినప్పుడు కూడా, తను నోరు తెరిచేలోపే కూతురు, “ఎవరికుంది ఫాదర్ అంత ధైర్యం, నేనక్కడ ఉండగా?” అనేసింది.

గుడిలో ఫాదర్ కుర్చీలు సర్దుతున్నారు. తాతయ్య ఒక కుర్చీ పట్టబోయి, దాన్ని అక్కడే వదిలేసి అంతా చెప్పేశాడు.

“నీళ్ళు తలమీద పారాయా? మాటలన్నీ సరిగ్గా అన్నారా?”

“పారాయి ఫాదర్. పిత పుత్ర పవిత్రాత్మ నామమున అనే అన్నాను. తప్పు చేశానా?”

“ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చు. తప్పేముంది?” ఫాదర్ ఆయన భుజం తట్టారు. “కానీ తాతగారూ, జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారే. మొదట పోసిందే చెల్లుతుంది. రేపు నేను మళ్ళీ నీళ్ళు పొయ్యకూడదు. తైలం పూస్తాను, తెల్లవస్త్రం, కొవ్వొత్తి, అన్నీ ఉంటాయి. మీ అమ్మాయికి మాత్రం ఇవాళే చెప్పండి. నా నోటితో వినడం కంటే మీరు చెబితేనే బాగుంటుంది.”

“అది నా మొహం చూడనంది ఫాదర్.”

“చూస్తుందో లేదో వెళ్ళి అడగండి.”

తిరుగుదారిలో ఆయన తన ఇంటి సందు దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చాడు. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఈ ఒక్క కూతురు, ఇప్పుడు ఈ పిడికెడు. గుమ్మంలోకి రాగానే కుట్టుమిషను చప్పుడు. నాలుగోసారి లేసు.

“నాన్నా, చూడు, ఈసారి కుదిరింది! ఏంటలా ఉన్నావు? తలుపు పాడైపోయిందా?”

“తలుపు బాగానే ఉందమ్మా. రేపు గుడిలో నీళ్ళు పొయ్యరు.”

మిషను ఆగింది.

“మూడోరోజు... అద్దాలపెట్టె దగ్గర... నేనే పోశాను తల్లీ. నువ్వు వద్దన్నా పోశాను. అది బతకదనుకున్నాను. నన్ను ఏమన్నా పడతాను, రేపటి సంబరం మాత్రం ఆపకు.”

ఆమె సూది కిందనుంచి గౌను తీసి దారం తెంపింది. అల్లుడు కొవ్వొత్తి కింద పెట్టేశాడు. ఉయ్యాల్లో పిల్ల ఒక్కతే ఏదో కేరింతలు కొడుతోంది.

“మూడోరోజా?” అంది, తలెత్తకుండానే. “ఎన్నింటికి?”

“రాత్రి పదింటికి.”

ఆమె లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద పిల్లప్పటి దొంగనవ్వు.

“అయితే నీది చెల్లదు నాన్నా.”

“ఏం?”

“నేను సాయంత్రం ఆరింటికే పోసేశాను.”