మట్టిబొట్టు గూడు

అడవి అంచున తుమ్మచెట్టు మీద ఒక పిచ్చుక ఉండేది. దానికి గిజిగాడి గూడంటే ప్రాణం. గిజిగాడు పచ్చి గడ్డిపోచలు చీల్చి, ముడి మీద ముడి వేసి అల్లుతాడు. అంతా అయ్యాక గుమ్మం పక్కన ఒక మట్టిబొట్టు పెడతాడు. ఆ బొట్టున్న గూడంటే పిట్టలన్నిటికీ గౌరవం. కానీ అతని చేత ఒక్క గూడు అల్లించుకోవాలంటే వానాకాలమంతా ఆగాలి.

కాకి దగ్గర అలాంటి గూళ్లే చిటికెడు గింజలకు దొరికేవి. గడ్డి ఎండుదే గాని బొట్టు మాత్రం అచ్చం అదే.

"కింద నుంచి చూసేవాళ్లకి ఏం తెలుస్తుందమ్మా?" అంది కాకి.

పిచ్చుక తెలిసే తీసుకుంది. ఆ రోజు నుంచి ఇరుగుపొరుగు దాన్ని పలకరించే తీరే మారిపోయింది.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. పక్క కొమ్మ మీది పికిలిపిట్ట, ఇంకా ఎగరడం రాని పిల్లను తోసుకుంటూ వచ్చింది.

"వదినా, నా గూడు నిలిచేలా లేదు. నీది గిజిగాడి గూడు కదా, దీన్ని లోపల పెట్టుకో."

పిచ్చుక గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. వీళ్లంతా నమ్మాలనే కదా ఇన్నాళ్లూ కోరుకుంది.

"ఒక్క పిల్లకి చోటివ్వలేవా?" అంది పికిలి.

"చోటుంది వదినా. ఇది గిజిగాడు అల్లింది కాదు" అంది పిచ్చుక తల దించుకుని. "పద, చెట్టు తొర్రలోకి పోదాం."

గాలి తగ్గాక వచ్చి చూస్తే కొమ్మ ఖాళీగా ఉంది. గూటి గడ్డి అంతా కింద ముళ్లకంపల మీద చెల్లాచెదురుగా పడుంది. ఒక పోచల కుచ్చుకి అంటుకున్న మట్టిబొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. కాకి మనసు పెట్టి చేసింది అదొక్కటే మరి.