ద్వారబంధం పక్క సందు

కొత్తగా వేసిన చెక్క నేలకూ ద్వారబంధానికీ మధ్య వేలెడు సందు మిగిలింది.

వేడినీళ్ల గొట్టం కింది వాటాలోకి దిగేది అక్కడే.

"ఇదిగో రూమెన్, చీమ కూడా దూరకుండా మూసెయ్యి. చలిగాలీ, కిందాయన సిగరెట్ కంపూ అన్నీ దీంట్లోంచే," అంది రోసిత్సా.

వడ్రంగి రూమెన్ బెండు ముక్కలు, జిగురు బయటికి తీశాడు.

మంచం మీంచి రోసిత్సా తల్లి పెంకా చూస్తోంది. ఆమె కాళ్లకు చలి తగలకూడదనే, బట్టల మిల్లులో ఒళ్లు హూనం చేసుకుని మరీ ఈ నేల వేయించింది రోసిత్సా.

అంతలో కిందాయన జెల్యాజ్కో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఆ సందు అలా వదిలెయ్యరాదూ?"

"ఎందుకూ?"

"ఊరికే... చెక్క కదా, గాలాడాలి."

"చెక్కకా, నీ చెవులకా? గోడలకు చెవులుంటాయంటే విన్నాను. మా ప్లొవ్‌దివ్ ఊళ్లో నేలకూ ఉన్నాయన్నమాట!"

రూమెన్ కిసుక్కున నవ్వాడు.

ముసలాయన ఏదో చెప్పబోయి పెంకా వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకుంది. అమ్మకూ ఈయనంటే విసుగేననుకుంది రోసిత్సా.

"పోనీ, సగమైనా ఉంచు తల్లీ..."

"చెవిలో జోరీగలా ఏంటయ్యా ఈ గోల! వెళ్లి నీ పని చూసుకో."

ఆయన మొహం మీదే తలుపేసింది.

రూమెన్ సందు పూడ్చి, పైన చెక్కపట్టీ కొట్టాడు. గది వెచ్చబడింది. కింది నుంచి చిన్న చప్పుడు కూడా రావడం లేదు.

"ఎంత హాయిగా ఉందో చూడమ్మా!"

పెంకా కూతురి చెయ్యి నిమిరింది.

మరుసటి వారం రోసిత్సా మిల్లు నుంచి వచ్చేసరికి తల్లి ద్వారబంధం పక్కన పడి ఉంది. చేతికర్ర చేతిలోనే ఉంది. ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది. కొత్త చెక్క నిండా కర్రతో పొడిచిన గుంటలు.

శ్మశానం నుంచి వచ్చి, తల్లి పేరిట ఉడికించిన గోధుమలు రోసిత్సా పంచుతుంటే జెల్యాజ్కో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకేం వింటావు? వినడానికి ఇంట్లో ఎవరున్నారని?" అని భోరుమంది.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. అది ఆమె ఇంటిదే.

"మీ అమ్మ ఇచ్చింది తల్లీ. పగలు పడిపోయినప్పుడల్లా ఆ సందు దగ్గర కర్రతో కొట్టేది. వచ్చి లేవదీసి పడుకోబెట్టేవాణ్ణి. నీకు తెలిస్తే పని మానేస్తావని నాతో ఒట్టేయించుకుంది."

రోసిత్సా కుర్చీ పట్టుకుంది.

"మరి ఆ రోజు... నువ్వు ఇంట్లో లేవా బాబాయ్?"

"ఎక్కడికి పోతానమ్మా? గొట్టానికి చెవి ఆనించుకుని సాయంత్రం దాకా కిందే కూర్చున్నాను. ఏ చప్పుడూ రాకపోతే, హాయిగా నిద్రపోతోందనుకున్నాను."