బూట్లకు అరగంట

ఆ కాలానికి ప్రతి పందుల దొడ్డికీ మాట్లాడే గేటు వచ్చేసింది. దాని ముక్కు ఎంత చురుకంటే, మొన్న పొరుగూరిలో పంది కూర తిన్నవాణ్ణి కూడా పసిగట్టి వెనక్కి తరిమేది. మూడుసార్లు కాళ్లు కడిగితేగానీ దొడ్డి యజమాని అంకమ్మను సైతం ఆమె నలభై పందుల దగ్గరికి పోనిచ్చేది కాదు. మందులేని పందిజ్వరం ఊళ్లకు ఊళ్లే ఊడ్చేస్తోంది కనుక ఆమె ఏనాడూ విసుక్కోలేదు.

ఆ ఉదయం పశువుల ఆఫీసరు పొరుగూరిలో చచ్చిన పందులను చూసి, ఆ బురద బూట్లతోనే ఇటు వచ్చాడు. అతని కార్డు చూడగానే గేటు, "దయచేయండి సార్!" అంటూ తెరుచుకుంది.

అంకమ్మకు ఒళ్లు మండింది. గేటుకు అడ్డంగా నిలబడింది.

"నాతో మూడుసార్లు కడిగిస్తావు, జొరాన్ని మోసుకొచ్చినోడికి దండాలు పెడతావా, దొంగమొహమా!"

"నేను ఆఫీసర్నమ్మా. రోగం రాకుండా చూసేదే నేను."

"ఆ సంగతి రోగానికి తెలుసా? ముందు బూట్లిప్పు సారూ!"

ఆ కేకకు అతను విప్పేశాడు. బయట పొయ్యి మీద, పందులకు పెట్టే హోటలు ఎంగిళ్లు ఉడికించే గుండిగలో నీళ్లు మరుగుతున్నాయి. అంకమ్మ బూట్లను కర్రతో ఎత్తి అందులో వేసి మూత పెట్టింది.

"అరగంట ఉడకాల. మా పందుల కూటికి నువ్వు పెట్టిన రూలే సారూ!"