పదేళ్ల కుర్చీ

ఖాళీగా ఉండాల్సిన కుర్చీలో ఎవరో పెద్దాయన కూర్చున్నాడు.

మేనేజర్లకి శిక్షణ ఇచ్చే కోచ్ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆమె శిక్షణకి ఆ కుర్చీయే ప్రాణం. మేనేజర్లందరినీ కాసేపు కళ్లు మూసుకోమంటుంది. తెరిచాక, "పదేళ్ల తర్వాతి మీరే ఆ కుర్చీలో ఉన్నారు. ఏం అడుగుతారో అడగండి" అంటుంది. ఖాళీ కుర్చీతో మాట్లాడటానికి మొదట అందరూ సిగ్గుపడతారు. ఒకసారి నోరు విప్పారా, లక్ష్యాలన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

ఇవాళ కళ్లు తెరిచేసరికి కుర్చీలో నిజంగానే మనిషున్నాడు.

బూడిదరంగు స్వెటరు. పైకి మడిచిన చేతి మీద, మోచేతి మడతలో, ప్లాస్టరు వేసిన చిన్న దూది. బయట సన్నగా వాన. కిటికీ తెరల్లోంచి వచ్చే వెలుగులో ఆయన ఎక్కడో రాబోయే కాలంలోంచి నడిచొచ్చి కూర్చున్నట్టే ఉన్నాడు.

లేపేద్దామంటే వెనక వరసలో హెచ్‌ఆర్ మేడమ్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఆవిడ ఏడాది కాంట్రాక్టు ఇస్తే సరే. లేదంటే కోచ్ తన చిన్న సంస్థకి తాళం వేసి, మళ్లీ ఎవరి దగ్గరో ఉద్యోగంలో చేరాల్సిందే.

ఈలోపే సేల్స్ మేనేజర్ లేచాడు. కోచ్ ఎవరో నటుణ్ని తెచ్చిందనుకున్నాడు మహానుభావుడు.

"సార్, పదేళ్ల తర్వాత నేను డైరెక్టర్నయ్యానా?"

పెద్దాయన ఏమాత్రం తడబడలేదు. కళ్లు సగం మూసి చూశాడు.

"అయ్యారు బాబూ. గది కూడా పెద్దదే. సాయంత్రం టీ ఎవరితో తాగుతున్నారో అదొక్కటే కనబడటం లేదు."



"మా టీమ్ వాళ్లతో నేనెప్పుడూ టీ తాగలేదండీ" అన్నాడు సేల్స్ మేనేజర్.

"అయితే ఇవాళే మొదలుపెట్టండి. ఇంకా చెప్పండి, ఆ గదికి కిటికీ ఉందా?"

కొత్తగా టీమ్ లీడరైన అమ్మాయి, పాప ఫొటో అంటించిన ఫోను పట్టుకుని లేచింది.

"నలుగురిలో మాట్లాడాలంటే నాకు కాళ్లు వణుకుతాయండీ. పదేళ్లకైనా తగ్గిందా?"

"తగ్గలేదమ్మా. వణుకుతూనే మాట్లాడుతున్నారు. అందరూ వింటున్నారు కూడా. ఇంకా చెప్పండి, అప్పటికి మీ పాప ఎంత ఎత్తయింది?"

ఆ అమ్మాయి చెయ్యి గాల్లో పెట్టి ఎత్తు చూపించింది. చూపిస్తూ కళ్లు తుడుచుకుంది.

గది గదంతా ఒకే కల కంటున్నట్టుంది. బల్లల మీద ఫోన్లు వెలిగి ఆరిపోతున్నాయి. ఒక్కరూ వాటి వంక చూడలేదు. ఎవరేం చెప్పినా ఆయన చిన్నపిల్లాడు కథ విన్నట్టు వింటున్నాడు. "ఊఁ, ఇంకా?" అంటున్నాడు.

అందరూ టీకి వెళ్లారు. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"మీ సంగతి చెప్పనేలేదమ్మా. పదేళ్ల తర్వాత మీరేం చేస్తుంటారు?"

కోచ్ చెప్పబోయింది. సొంత ఆఫీసు, మెట్ల పక్కన మొక్కలు, తలుపు మీద తన పేరు... గుమ్మం దగ్గర్నుంచి హెచ్‌ఆర్ మేడమ్ పిలిచింది.

"తర్వాత మాట్లాడుకుందామండీ" అంది కోచ్ వాచీ చూసుకుంటూ.

"అలాగేనమ్మా" అని నవ్వాడాయన.

"ఆయన్నెక్కడ పట్టారండీ బాబూ!" అంది హెచ్‌ఆర్ మేడమ్. "కాంట్రాక్టు మీకే. కానీ ప్రతిసారీ ఆయన రావాలి."

"ఆయన మా సంస్థ మనిషే మేడమ్."

అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చేసిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

తిరిగొచ్చి చూస్తే కుర్చీ ఖాళీ.

తర్వాతి శిక్షణ దగ్గర పడుతున్నకొద్దీ ఆమె వెతకని చోటు లేదు. ఆయన్ని సంస్థలో భాగస్వామిని చేసుకోవాలనుకుంది. ఊరూరా ఆ కుర్చీలో ఆయనే కూర్చున్నట్టు కలలు కూడా కనేసింది. చివరికి ఆ భవనం వాచ్‌మన్ చెప్పాడు.

"స్వెటరాయనా? పై అంతస్తు క్లినిక్‌కి వచ్చేవారు మేడమ్."

రెండేసి మెట్లెక్కుతూ పైకెళ్లింది.

"ఆయనతో మంచి పని పడింది సిస్టర్. ఎక్కడుంటారు?"

నర్సు మొహం వాడిపోయింది. "పోయారండీ. మొన్ననే."

కోచ్ అక్కడే బెంచీ మీద కూలబడింది. ఆయన అడిగినా చెప్పకుండా దాటేసిన తన పదేళ్లు గుర్తొచ్చాయి.

"ఒకసారి మా హాల్లోకొచ్చారు. వాన పడ్డ రోజు."

"మీ దగ్గరికేనా వెళ్లింది? వాళ్లమ్మాయి కారు తెచ్చేదాకా కింద కూర్చుంటానని దిగారు. ఎటెళ్లారో తెలీక పాపం ఆ పిల్ల భవనమంతా వెతికింది. ఎక్కడికెళ్లావు నాన్నా అంటే, పదేళ్లు చూసొచ్చానమ్మా అని ఒకటే నవ్వు. మాకేమో ఏడుపొచ్చింది."

"ఏడుపెందుకు?"

"నెల తిరగడం కూడా కష్టమని డాక్టరుగారు ఆయనతో చెప్పింది అంతకు కాస్త ముందేనండీ."