రెండు నల్లపూసలు

లాడ్ బజార్‌లో దుకాణం దుకాణం తిరిగినా గోదకు ఆ పూస దొరకలేదు. అన్నిచోట్లా మిషన్ పూసలే, నున్నగా తళతళలాడుతున్నాయి. చివరి దుకాణంలో ముసలాయన ఆమె చేతిలోని నల్లపూసల దండను తిప్పి చూసి, "యే హాత్ కా కామ్ హై అమ్మా, చేతిపని. కార్వాన్‌ల నీలమ్మ చేస్తది, ఆడికి పో," అన్నాడు.

ఆటోలో కూర్చున్నంతసేపూ దండను గుప్పిట్లోంచి వదల్లేదు గోద. మందుల షాపుకని చెప్పి కూతురి అత్తవారింట్లోంచి బయటపడింది మరి. స్నానాల గదిలో తలుపేసుకుని సంహిత దీన్ని విప్పి ఇచ్చింది. దీపాలవేళకల్లా మళ్లీ ఆమె మెడలో ఉండాలి. లేదంటే కొంప మునిగినట్టే.

అది అల్లుడు శ్రీచరణ్ ఇంటి కోడళ్లకు తరతరాలుగా వస్తున్న దండ. రెండు నెలల కింద నీళ్లు పోసుకుంటుంటే కుళాయికి కొట్టుకుని రెండు పూసలు చిట్లాయి. ఏడుస్తూ ఫోన్ చేసిన కూతురికి గోద ఏం చెప్పింది? ఎవరికీ చెప్పకు, ముడేసుకుని కొంగు కప్పుకో, తర్వాత చూద్దాంలే అంది. తల్లి చెప్పవలసిన మాటేనా అది! అప్పుడే బాగు చేయించి ఉంటే ఇవాళ ఈ తంటా ఉండేదా?

రేపు పొద్దున ఆ ఇంటి ఆడవాళ్లంతా చేరతారు. శ్రీచరణ్ పెద్ద మేనత్త వస్తుంది. ఆవిడ దండను చేత్తో పట్టుకుని మరీ చూసే రకం. ఖాళీ కనిపించిందా, ఇక అంతే సంగతులు. మొగుడి ప్రాణం మీదికి తెచ్చిందని పిల్లను నలుగురిలో నిలబెట్టి కడిగేస్తుంది. ఆ మాట ఒకసారి పడితే జన్మలో పోదు.

అలాంటివి నమ్మకూడదని గోదకు తెలుసు. అయినా ఆ భయం ఆమె కడుపులోనూ లేకపోలేదు.

నీలమ్మది ఒక్కటే గది. మూలన గ్యాస్ బండ, బల్ల మీద నీలం మంట చిమ్మే బర్నర్, పక్కన బకెట్ నిండా వేడి బూడిద.

"మా అమ్మాయిది. రెండు పగిలినయి," అంది గోద.

"గట్లనకమ్మా. పెరిగినయి అనాలె," అంది నీలమ్మ. దండను వెలుతురుకు పట్టి చూసింది. రేపు నోమేమన్నా ఉన్నదా అని అడిగింది. గోద తలూపిందో లేదో ఆమెకే తెలియదు.

మట్టి పూసిన ఇనుపతీగ ఒక చేత, నల్లగాజు కడ్డీ ఇంకో చేత పట్టుకుని మంటలో పెట్టింది నీలమ్మ. కడ్డీ కొస ఎర్రబడి తేనెలా సాగింది. దాన్ని తీగకు చుట్టి, తీగను తిప్పుతూనే ఉంది. ముద్ద గుండ్రబడగానే బూడిదలో గుచ్చింది. రెండోదీ అట్లాగే చేసింది. నిదానంగా చల్లారాలి, సాయంత్రం దాకా ముట్టొద్దు, చల్లగాలి తగిలితే నిలవదు అని చెప్పింది.

గోద వినలేదు. బతిమాలింది, చేతులు పట్టుకుంది. నీలమ్మ విసుక్కుంటూ ఒక తీగ పైకి తీసింది. పూస టక్కున రెండు చెక్కలయింది.

గోద అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. పూస కోసం ఇంత ఏడ్చే మనిషిని నీలమ్మ ఎన్నడూ చూడలేదు. మనసు కరిగి, మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"గింత ఫికర్ ఎందుకమ్మా? మళ్ల చేస్త గద. నీ అల్లుడు సల్లగుంటడు. ఏం పని చేస్తడు?"

"బ్యాంకు," అంది గోద. నీళ్ల గ్లాసు తాగకుండానే కింద పెట్టింది.

నీలమ్మ ఇంకో పూస చేసి బూడిదలో గుచ్చింది. ఈసారి గోద కదలకుండా కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ బూడిద బకెట్‌నే చూసింది. రెండుసార్లు ఫోన్ మోగినా తీయలేదు. ఎండ గోడ దిగిపోయాక నీలమ్మ పూసలు తీసి, లోపలి మట్టి గీకి, దండలో ఎక్కించింది. ఏవి పాతవో ఏవి కొత్తవో పోల్చుకోవడం గోద వల్ల కాలేదు. బిడ్డకు పెట్టమని నీలమ్మ ఒక కుంకుమ పొట్లం కూడా చేతిలో పెట్టింది. గోద దాన్ని సంచి అడుగున తోసేసి ఆటో కోసం పరుగెత్తింది.

దీపం పెట్టేలోగానే ఇల్లు చేరింది. స్నానాల గదిలో కూతురి మెడలో దండ వేసింది. సంహిత తల్లి భుజం మీద తల పెట్టి అట్లాగే నిలబడిపోయింది.

తెల్లారింది. ఆడవాళ్లంతా చేరారు. పెద్ద మేనత్త సంహిత ఎదురుగా కూర్చుని, దండను వేళ్ల మీదికి తీసుకుని పూస పూసా తడిమి చూసింది.

"ఒక్కటి గూడ పోకుండ మంచిగ చూసుకున్నవు బిడ్డా," అంది మేనత్త.

గోద గుండెల మీంచి బండ దిగింది. కూతురి మీదికి ఇక ఏ మాటా రాదు.

ఆ వెంటనే, శ్రీచరణ్ పోయి ఇవాళ్టికి పది రోజులు కాబట్టి, పదో రోజున జరగవలసిన తంతు ప్రకారం, మేనత్త ఆ దండను సంహిత మెడలోంచి ఒక్క గుంజు గుంజి తెంపేసింది.